పూలకు పోయే ముందు

(జడ్చర్ల దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో, 2025 దసరా సెలవుల ముందు రోజు జరిగిన బతుకమ్మ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ప్రధానోపాధ్యాయురాలు గారికి, ఒకప్పుడు నాతో కలిసి పనిచేసి ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెప్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పనులు వదులుకొని వచ్చిన తల్లులకు, మధ్యాహ్న భోజనం వండే అక్కలకు, మైకు సెట్టు తెచ్చిన తమ్ముడికి, పిల్లలకు, అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న ఆరో తరగతి పిల్లల మీద ఎండ పడుతోంది. కొంచెం నీడకు జరగండి బిడ్డా. పర్వాలేదు, మెల్లగా జరగండి, నేను ఆగుతాను.

ఇప్పుడు మీ మీద పడింది చూశారా, ఆ ఎండ గురించే ఇవాళ నేను మాట్లాడాలని వచ్చాను. నాకు ఇచ్చిన అంశం మాత్రం వేరు, 'బతుకమ్మ పండుగ విశిష్టత'. అది ఈ తల్లులకు నాకంటే బాగా తెలుసు. రెండు మాటల్లో చెప్పి పక్కన పెడతాను. 2014లో బతుకమ్మను తెలంగాణ రాష్ట్ర పండుగ చేశారు. ఆ ఏడే తంగేడును రాష్ట్ర పుష్పం చేశారు, పాలపిట్టను రాష్ట్ర పక్షి చేశారు, జమ్మిని రాష్ట్ర వృక్షం చేశారు. తంగేడును బతుకమ్మకు కోస్తాం. పాలపిట్టను దసరా నాడు చూస్తాం. జమ్మి ఆకును ఆ సాయంత్రమే చేతిలో పెట్టుకొని పెద్దల కాళ్లు మొక్కుతాం. రాష్ట్రానికి గుర్తులుగా పెట్టుకున్న మూడూ ఈ పది పన్నెండు రోజుల్లోనే మన చేతికి, కంటికి వస్తున్నాయి. అంటే ఏడాది మొత్తంలో మనకు ఎక్కువ ప్రేమ ఉన్న రోజులు ఇవే. వాన వెనకపట్టి, చలి ఇంకా రాని ఈ నడిమి రోజులు.

ఈ రోజులను మనం చూడటం మానేస్తున్నాం. నా బాధ అది.

పిల్లలూ, ఒక ప్రశ్న. జూన్‌లో బడి తెరిచినప్పుడు సాయంత్రం ఎంతసేపు ఆడుకునేవాళ్లు? ఆరూ యాభై దాటినా వెలుగు ఉండేది కదా. ఇప్పుడు? ఆరుంబావుకు పొద్దు గూకుతోంది. మీ అమ్మ ఇంట్లోకి రమ్మని పిలిచే వేళ అరగంటకు పైగా ముందుకు వచ్చింది. ఎవరైనా గమనించారా? చేతులెత్తండి. ముగ్గురు. మంచిది. మన పాలమూరులో జూన్ 21న పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది. డిసెంబరు 21కి అది 11 గంటల పైచిలుకుకు తగ్గుతుంది. ఆ రెండు గంటలూ ఒక్కసారిగా పోవు. ఈ రోజుల్లోనే పొద్దు బాగా వేగంగా తగ్గుతుంది, రోజుకు దాదాపు ఒక నిమిషం చొప్పున. ఎల్లుండి, 22న, రాత్రి పన్నెండుకు కొంచెం ముందు సూర్యుడు భూమధ్యరేఖను దాటి దక్షిణానికి పోతాడు. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు అది. మనం గడియారం చూసి కూడా పట్టించుకోని ఆ నిమిషాన్ని చెట్లు పట్టించుకుంటాయి.

కంది చేను తీసుకోండి. మన పాత రకం కందిని జూన్‌లో విత్తినా జులైలో విత్తినా, రాత్రి పెరిగిందాకా పూతకు రాదు. చామంతి అంతే. బతుకమ్మలో పేర్చే ఈ గునుగు పువ్వు కూడా ఆ కోవలోదే. వాన ఎప్పుడు పడిందన్నది ఎత్తు పెరగడానికి. పువ్వు ఎత్తడానికి మాత్రం రాత్రి ఎంత పొడుగైందో కావాలి. ఆకుల్లోనే ఆ లెక్క ఉంది. ఇది వృక్షశాస్త్రం టీచర్లు తొమ్మిదో తరగతి పిల్లలకు చేను గట్టు మీద నిలబడి చెప్పాల్సిన పాఠం.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. పండుగ అమావాస్యను బట్టి వస్తుంది, పువ్వు పొద్దును బట్టి వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబరు 14న వచ్చింది. 2024లో అక్టోబరు 2న. ఈ ఏడు రేపే, సెప్టెంబరు 21న. రెండేళ్లలో పండుగ మూడు వారాలకు పైగా ముందుకు వచ్చింది. గునుగు ఎక్కడికీ జరగలేదు. అందుకే ఒక ఏడు తల్లులు 'గునుగు ఇంకా రాలేదు' అంటారు, ఇంకో ఏడు 'గునుగు అయిపోవచ్చింది' అంటారు. రెండూ నిజమే.

ఇదిగో, ఈ ఉదయం మీ చెరువు కట్ట కింద కోసుకొచ్చాను. దగ్గరగా చూడండి. వెనక ఉన్నవాళ్లకు తర్వాత చేతికిస్తాను. కంకి కొన ఇంకా గులాబి రంగులో ఉంది. అడుగు వైపు వస్తుంటే రంగు పోయి వెండిలా తెల్లబడింది. పూత కింది నుంచి పైకి పోతుంది కాబట్టి అడుగున ఉన్నది ముందు ముదిరింది. ఈ రేకులను వేలితో పట్టుకుంటే తడి ఉండదు, కాగితంలా గరగరమంటాయి. అందుకే తొమ్మిది రోజులూ వాడకుండా నిలబడుతుంది. ఇంకో రెండు మూడు వారాలకు కొన కూడా తెల్లబడుతుంది. అప్పుడు అరచేతిలో నలిపితే నల్లగా, మెరిసే చిన్న చిన్న గింజలు రాలుతాయి. గులాబి ఎంత మిగిలింది, తెలుపు ఎంత ఎక్కింది అన్నది చూస్తే కాలం ఎక్కడి దాకా వచ్చిందో తెలుస్తుంది. ఏ క్యాలెండరూ అక్కర్లేదు.

ఇక్కడే ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. మేడం గారూ, కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటే మన్నించాలి.

కొన్నేళ్ల కింద ఇలాగే బతుకమ్మ సభకు ఒక ఊరి బడికి పిలిచారు. ఊరి పేరు చెప్పను, ఆ బడి పేరూ చెప్పను. అక్కడి పిల్లలు నాకు చాలా ఇష్టం. గేటు లోపలికి పోగానే ప్రహరీ గోడ పొడుగునా ఏదో కాలిపోయినట్టు కనపడింది. దగ్గరికి పోయి చూశాను. గునుగు. మోకాలెత్తు పెరిగి, కంకులు ఎత్తిన గునుగు, గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా గోధుమ రంగుకు తిరిగి వంగిపోయి ఉంది. మధ్యలో రెండు తంగేడు మొక్కలు, ఆకులు ముడుచుకొని. ఏమైందని అడిగితే, 'సార్, పండుగ ప్రోగ్రాం కదా, గ్రౌండ్ నీట్‌గా ఉండాలని వారం కింద మందు కొట్టించాం' అన్నారు. ఆ పక్కనే ఆటోలోంచి పూల సంచులు దించుతున్నారు. పట్నం మార్కెట్ నుంచి కొన్న బంతి, చామంతి. గునుగు కూడా కొన్నారు, కట్టకు ఇంత అని. గోడ కింద బతికి ఉన్న గునుగును చంపి, అదే గునుగును డబ్బు పెట్టి తెచ్చారు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పిల్లల కోసమే చేశారు. కానీ ఆ రోజు నేను మైకు ముందు నిలబడి ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు. నా కళ్లు ఆ గోడ మీదే ఉన్నాయి.

ఆ గోడ దగ్గర జరిగిందే చేన్లలో జరుగుతోంది. మన చెల్కల్లో జొన్న, ఆముదం, కంది వేసిన రోజుల్లో సాళ్ల మధ్య గునుగు మొలిచేది. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు లేత ఆకు ఒడిలో వేసుకొని వచ్చి కూర వండేవాళ్లు. గట్టు మీదిది పండుగకు మిగిలేది. ఇప్పుడు ఎటు చూసినా పత్తి. కూలి దొరకదు, దొరికినా గిట్టుబాటు కాదు, కాబట్టి కలుపు మందు. రైతును తప్పు పట్టే నోరు నాకు లేదు, నేనూ రైతు కొడుకునే. కానీ గట్టు మీద కూడా ఎందుకు కొట్టాలి? గట్టు మీద పత్తి లేదు కదా. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. అంటే దాని ప్రమాదం ప్రభుత్వానికీ తెలుసు. మనం మాత్రం టీ తాగే చెంబుతో కొలిచి డ్రమ్ములో కలుపుతున్నాం.

తల్లులారా, మీకు చేతులు జోడించి అడుగుతున్నాను. మీ ఇంట్లో మగవాళ్లకు ఒక మాట చెప్పండి. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ అయ్యేదాకా గట్ల మీద మందు వద్దని. ఏమీ ఖర్చు లేదు. గింజ రాలేదాకా ఆగితే ఇంకా మంచిది, వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది.

సరే. పువ్వు గురించి చాలాసేపు చెప్పాను. పండు గురించి కొంచెం చెప్పనివ్వండి. బాలానగర్ ఇక్కడికి ఎంత దూరం? దేశంలో ఎక్కడికి పోయినా సీతాఫలం సాగు గురించి మాట్లాడితే 'బాలానగర్' రకం అంటారు. మన ఊరి పేరే ఆ పండు రకం పేరు. ఇప్పుడు హైదరాబాదు పోయే హైవే పక్కన గంపలు పెట్టుకొని కూర్చున్నారు చూశారా, ఆ అక్కలు కాయను ఎట్లా కోస్తారో ఎప్పుడైనా అడగండి. చెట్టు మీద కాయ కండ్ల మధ్య గీతలు ఆకుపచ్చగా, ఇరుకుగా ఉంటే ముట్టుకోరు. ఆ గీతలు వెడల్పయి, మీగడ రంగుకు తిరిగితే 'కన్ను విచ్చింది' అంటారు. అప్పుడు కోసి గడ్డిలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. అంతకు ముందే కోస్తే పండదు, నల్లబడి గట్టిగా మిగులుతుంది. లారీకి తొందరపడి పచ్చివి దులిపేసే వ్యాపారం పెరిగింది. కొన్నవాళ్లు 'ఈ ఏడు పండు బాగాలేదు' అంటారు. పండు బాగానే ఉంది. దాన్ని చూసి కోసే తీరిక లేకుండా పోయింది.

ఈ రోజుల్లో వరి మళ్ల మీద, ఈ గ్రౌండ్ మీద కూడా, సాయంత్రం పూట తూనీగలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. వాటిని దారం కట్టి ఆడించడం తప్ప మనకు ఇంకేమీ తెలియదు. పసుపు రంగులో ఉండే ఆ రకం దక్షిణ భారతం మీదుగా, మాల్దీవుల మీదుగా, హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా పోతుందని చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశాడు. ప్రతి ఏడూ అక్టోబరులో మాల్దీవుల్లో అవి గుంపులుగా దిగడం ఆయన చూశాడు. వేలెడంత పురుగు. మన గాలి దిశ మారిందని దానికి తెలుసు. దారం కట్టకండి బిడ్డా.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలని వచ్చిన ముచ్చటకు వస్తాను.

ఇప్పుడు నడుస్తున్నది ఉత్తర కార్తె. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అని మన పెద్దల సామెత. ఉత్తరలో కూడా వాన పడకపోతే ఇక పంట లేదు, గంప నెత్తికెత్తుకొని ఊరు విడిచిపో అని దాని భావం. వేరే జిల్లాలో ఇది పుస్తకంలో చదివే సామెత. పాలమూరులో ఇది బస్సు టికెట్. బొంబాయి బస్సు, పూణె బస్సు మన ఊళ్లలోకే వచ్చి ఆగేవి. పండుగ కోసం ఆగి, సద్దులు అయ్యాక, దసరా తెల్లారి సామాను కట్టేవాళ్లు.

నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ కాలం మారడాన్ని ముందుగా హాజరు పట్టీలో చూశాను. సెలవుల ముందు నిండుగా ఉన్న తరగతి సెలవుల తర్వాత సగానికి వచ్చేది. పేరు పిలిస్తే పక్క పిల్లవాడు 'పోయిండు సార్' అనేవాడు. ఎక్కడికి అని అడగాల్సిన పని లేదు. వాన బాగా పడిన ఏడు ఆ మాట తక్కువసార్లు వినపడేది. పునాస పంట పోయిన ఏడు గంటసేపూ అదే మాట. వర్షపాతం లెక్కలు మండల ఆఫీసులో ఉంటాయి, నాకు మాత్రం ఆ పట్టీ చాలు.

ఒకసారి ఒక తల్లి దసరా తెల్లారి నేనుండే ఇంటికి వచ్చింది. సెలవు రోజు. చేతిలో సంచి, వెనక బిడ్డ. ఏడో తరగతి, మంచి చదువరి. టీసీ కోసం వచ్చిందేమో అనుకున్నాను. ఆమె టీసీ అడగలేదు. 'సార్, పేరు కొట్టెయ్యొద్దు. ఉగాదికి వస్తం' అన్నది. అంతే అడిగింది. నేను కొట్టెయ్యలేదు. ఉగాదికి వచ్చారు. ఆ పిల్ల పరీక్ష రాసింది, ఎనిమిదికి పోయింది. అందరు పిల్లలూ అలా తిరిగి రాలేదు. వలస పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం తర్వాత సీజనల్ హాస్టళ్లు పెట్టారు. నీళ్లు కొంత వచ్చాయి, వలస కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. ఈ గుంపులో కూర్చున్న టీచర్లకు ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

సామెత ఎప్పుడూ నిజం కాదు, అదీ చెప్పాలి. 2009 గుర్తుందా పెద్దలకు? ఆ ఏడు నైరుతి దేశం మొత్తం మీద 22 శాతం లోటు. ఆగస్టు దాకా మొగులు చూసి చూసి మెడలు నొప్పి పుట్టాయి. ఉత్తర చూసి గంప ఎత్తినవాళ్లు ఎత్తారు. దసరా అయిన నాలుగు రోజులకు, హస్త కార్తెలో, అక్టోబరు 2న, తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగి అలంపూర్ మునిగింది, రాజోలి మునిగింది, కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. రాజోలి నేతగాళ్ల ఊరు. నీళ్లు తీశాక మేం బియ్యం, దుప్పట్లు తీసుకొని పోయాం. మగ్గం గుంటల్లో బురద నిండి ఉంది. ఒక పెద్దాయన ఆ గుంటలో కూర్చొని చేతులతో బురద తోడి బయట పోస్తున్నాడు. సగం నేసిన చీర మగ్గానికే అంటుకొని ఉంది. ఒకే జిల్లాలో, రెండు నెలల తేడాతో, కరువూ వరదా.

అందుకే చెప్తున్నాను, ఈ నడిమి రోజులను కన్నార్పకుండా చూడాలి. ఇటు పోతుందా అటు పోతుందా అన్నది ఇప్పుడే తేలుతుంది. ఈ ఏడు నైరుతి రాజస్థాన్ నుంచి సెప్టెంబరు 14న వెనక్కి మళ్లడం మొదలైంది, మామూలుగా కంటే మూడు రోజులు ముందు. మన దాకా రావడానికి అక్టోబరు రెండో వారం అవుతుంది. అప్పటి వరకు ఒక రోజు చెమట, ఒక రోజు ఉరుము. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున గడ్డి మీద కాలు పెడితే తడి తగులుతుంది, రాత్రి వాన పడి ఉండదు. మబ్బు లేని రాత్రి నేల వేడి ఆకాశానికి పోయి, గాలిలో తడి ఆకు మీద కూర్చుంది అన్నమాట. ఆ మొదటి మంచు ఏ తారీఖున పడింది? పోయిన ఏడు ఎప్పుడు? అంతకు ముందు ఏడు? ఈ ఊళ్లో ఎవరి దగ్గరా రాసి లేదు. పాలపిట్ట మొదట ఏ కరెంటు తీగ మీద కనపడింది? రాసి లేదు. 2023లో దేశమంతటి పక్షుల మీద వచ్చిన నివేదిక పాలపిట్ట తగ్గిపోతోందని చెప్పింది. మన ఊళ్లో తగ్గిందో లేదో చెప్పాలంటే మన దగ్గర ఒక్క కాగితం లేదు. దసరా నాడు మాత్రం అందరం దాని కోసం వెతుకుతాం.

మేడం గారూ, నాకు శాలువా వద్దని ముందే చెప్పాను. బదులుగా ఒక చార్టు అడిగాను. తెచ్చి ఆ స్తంభానికి అంటించారు, చాలా సంతోషం. దాని మీద గీతలు కొట్టి ఉన్నాయి. తారీఖు, ఏం చూశారు, ఎక్కడ చూశారు, ఎవరు చూశారు. మొదటి మంచు, గునుగు కొన తెల్లబడటం, కంది పూత, కన్ను విచ్చిన సీతాఫలం, పాలపిట్ట. ఇంకా ఒక గడి నేను అడిగి పెట్టించాను, టీచర్లు క్షమించాలి. సెలవుల తర్వాత బడికి రాని పిల్లల పేర్లు. ఇది తప్పు పట్టడానికి కాదు. బడి తెరిచిన మొదటి వారంలోనే ఆ ఇళ్లకు పోవాలి. నెల ఆగితే తాళం కనపడుతుంది. తల్లులారా, ఎవరైనా పోవాల్సి వస్తే ముందు రోజు బడికి వచ్చి ఒక మాట చెప్పండి. బిడ్డను ఎక్కడ ఉంచాలో అందరం కూర్చొని చూద్దాం. చెప్పకుండా పోకండి.

రేపు పూలకు పోయే పిల్లలకు జాగ్రత్తలు. పత్తి చేన్లోకి దిగకండి, ఎప్పుడు ఏ మందు కొట్టారో తెలియదు. గట్టు మీద కోయండి. గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కొట్టండి, పాములు ఉంటాయి. గునుగును వేరుతో పీకకండి, కంకి వరకే తుంచండి, మొక్కకు రెండు కంకులు వదలండి. తంగేడు కొమ్మలు విరవకండి. పెద్దవాళ్లు తోడు లేకుండా చెరువు దగ్గరికి పోవద్దు. ఐదు గంటలకే లేచే పిల్లలు ఒక్కసారి దక్షిణం వైపు చూడండి. అమావాస్య కాబట్టి చంద్రుడు ఉండడు. చేయి చాపి జాన పెడితే, నేల నుంచి దాదాపు అంత ఎత్తులో ఒక పెద్ద చుక్క కనపడుతుంది. అది అగస్త్య నక్షత్రం. అది కనపడితే వాన నీళ్లు తేరుకుంటాయని పాతకాలం వాళ్లు చెప్పేవాళ్లు. మీ చెరువు నీళ్లు తేరుకున్నాయో లేదో కూడా చూసి వచ్చి రాయండి.

చార్టు ఖాళీగా ఉంటే నాకు బాగాలేదు. మొదటి వరుస ఇప్పుడే నింపుదాం. ఈ ఉదయం బడికి వచ్చేటప్పుడు గునుగు చూసినవాళ్లు ఎవరు? నువ్వా? ఎక్కడ చూశావు? పోచమ్మ గుడి వెనక. కొన ఏ రంగు ఉంది? గులాబి. మంచిది. రా బిడ్డా, స్కెచ్ పెన్ను తీసుకో. ముందు తారీఖు వెయ్యి.